అట్టపెట్టెలో సూర్యుడు

మొన్న మాఘమాసంలో మా ఆవిడ అక్కగారి అమ్మాయి పెళ్ళి. ఆ పెళ్ళికి కట్టుకోవడానికని మా ఆవిడ పట్టుచీర ఒకటి కొనుక్కుంది. చీర కొనడం నిర్విఘ్నంగానే జరిగిపోయింది. అసలు కథ రవికె గుడ్డ దగ్గర మొదలైంది.

రాత్రి ఎనిమిదింటికి మాచింగ్ సెంటరుకి వెళ్ళాం. బల్ల మీద చీర అంచు పరుచుకుని ఆ కుర్రవాడు తానుల మీద తానులు విప్పాడు. ఒకటి ముదురన్నది, ఒకటి లేతన్నది, ఒకటి దగ్గరగా వచ్చింది కానీ కాదన్నది. నేను గోడకి జారగిలబడి, పరీక్ష హాలులో పర్యవేక్షకుడిలాగా కాలక్షేపం చేస్తున్నాను. చివరికి ఒక గుడ్డ కలిసింది. కలవడమంటే అలా ఇలా కాదు; అంచు ఎక్కడ ఆగిందో, గుడ్డ ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూస్తే తప్ప తెలియదు. ఇద్దరం ఎంతో సంతోషంగా యింటికి వచ్చాం.

తెల్లవారింది. పెరటి అరుగు మీద ఎండలో ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని మా ఆవిడ కెవ్వుమంది. వెళ్ళి చూద్దును గదా, చీర అంచు నిగనిగలాడే నేరేడుపండు రంగు. రవికె గుడ్డ తడిసిన యిటిక రంగు.

"కట్టేటప్పుడు గుడ్డ మార్చేశాడండీ!" అంది.

ఆ సాయంత్రమే రెండూ సంచీలో పెట్టుకుని, కాలేజీ నుంచి రాగానే కాఫీ అయినా తాగనివ్వకుండా నన్ను బయల్దేరదీసింది. చీకటి పడ్డాక దుకాణం చేరాం. బల్ల మీద రెండూ పరిచింది. ఏం చెప్పమంటారు! మళ్ళీ నిక్షేపంగా కలిసిపోయాయి. ఆ కుర్రవాడు మా యిద్దరి ముఖాలకేసీ చూసి, "ఏముందండీ తేడా?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. తల వంచుకుని వచ్చేశాం.

సరిగ్గా ఆ వారంలోనే మా బావమరది హైదరాబాదు నుంచి వచ్చాడు. వాడికి కొత్త వస్తువంటే ప్రాణం. సంగతి విని పకపకా నవ్వి, "అక్కా, తప్పు గుడ్డది కాదు, దీపానిది. మీకు కావలసింది ఫుల్ స్పెక్ట్రమ్ బల్బు" అని తీర్పు చెప్పాడు. రెండు రోజుల్లో అట్టపెట్టెలో రెండు బల్బులు యింటికి వచ్చాయి. ఒక్కొక్కటి ఆరువందల చిల్లర. వీధి చివర కొట్లో మామూలు ఎల్.ఇ.డి. బల్బు వందకి అటూ యిటూగా దొరుకుతుంది. పెట్టె మీద ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ. దానికింద స్తోత్రంలాగా వరస: సూర్యకాంతితో సమానమట, కళ్ళకు మేలట, పిల్లలకు ఏకాగ్రతట, మనసుకు ఉల్లాసమట, మంచి నిద్రట. ఆదిత్యహృదయానికి కూడా యింత ఫలశ్రుతి లేదేమో!

నేను తెలుగు మాస్టర్ని. "స్పెక్ట్రమ్" అంటే వర్ణపటమని మాత్రం తెలుసు. ఆపైన తెలియదు గనక, మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి ఆదివారం భోజనానికి పిలిచాం. భోజనం మిష, బల్బులే పని.

"రంగు గుడ్డలో లేదు మాస్టారూ" అని మొదలుపెట్టాడాయన. "గుడ్డ చేసేదల్లా తన మీద పడిన వెలుగులో కొంత మింగి, కొంత తిప్పికొట్టడం. తిప్పికొట్టిందే మన కంటికి రంగు. అసలు పడని వెలుగుని ఏ గుడ్డా తిప్పికొట్టలేదు గదా! మీ చీర అద్దకం వేరు, రవికె అద్దకం వేరు. ఆ రెండూ ఏ వెలుగు దగ్గర తేడాగా ప్రవర్తిస్తాయో, ఆ వెలుగే దుకాణం దీపంలో పలచగా ఉంది. అందుకని అక్కడ కవలపిల్లలు. పగలు అన్ని వెలుగులూ పడతాయి, గుట్టు బయటపడింది."

ఈ పేచీ బట్టల మిల్లులవాళ్ళకి బాగా తెలుసట. అందుకే వాళ్ళ దగ్గర రంగు సరిచూసే చిన్న పెట్టెగది ఒకటుంటుంది. అందులో పగటి వెలుగులాంటి దీపం, దుకాణపు దీపం, పాత బల్బు - ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి, అన్నిటికిందా కలిస్తేనే కలిసినట్టు లెక్క. మన ఆడవాళ్ళు మాచింగ్ సెంటరులోంచి గుడ్డ పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తి ఎండలో చూసుకోవడం మనకి హాస్యంగా ఉంటుంది. వాళ్ళు చేసేది అక్షరాలా శాస్త్రం! మేము వెళ్ళింది రాత్రి కావడమే మా ఖర్మ.

భోజనాలయ్యాక హాల్లో ప్రయోగశాల వెలిసింది. అటక మీద నుంచి పాత అరవై వాట్ల బల్బు దింపాం. పెరట్లో ట్యూబులైటు ఉండనే ఉంది. మామూలు ఎల్.ఇ.డి., కొత్త అట్టపెట్టె బల్బు. మిత్రుడు మా పాత సినిమా పాటల సి.డి. ఒకటి అడిగి తీసుకుని, గదిలో ఒక్క దీపమే ఉంచి, ఆ పళ్ళెం మెరిసే వైపు దీపం కేసి వాల్చి పట్టుకోమన్నాడు. అందులో యింద్రధనుస్సు కనబడుతుంది. దాన్ని చూసి దీపం జాతకం చెప్పవచ్చును.

పాత బల్బుకి ధనుస్సు ఎక్కడా తెగలేదు. ఊదా దగ్గర సన్నగా మొదలై, ఎరుపు దగ్గరికి వచ్చేసరికి ఏరు పొంగినట్టు ఉంది. ఎందుకంటే అది కాలే తీగ. టంగ్‌స్టన్ తీగ సుమారు 2,400 డిగ్రీల వేడెక్కి, సూర్యుడి మాదిరిగానే వేడివల్ల వెలుగుతుంది. ట్యూబులైటుకి మాత్రం ముక్కలు ముక్కలుగా చారలు. అందులో పాదరసపు ఆవిరి కంటికి కనబడని కిరణాలనిస్తే, గాజు లోపల పూసిన పొడి వాటిని వెలుగుగా మారుస్తుంది. పొడి ఏ రంగులిస్తే అవే. మామూలు ఎల్.ఇ.డి.లో నీలం కళ్ళు చెదిరేట్టు వెలిగింది. దాని పక్కనే, ఆకుపచ్చ రాబోయే చోట, చిన్న గొయ్యి. తర్వాత ఆకుపచ్చ, పసుపు బాగానే ఉండి, ఎరుపు చివరికి వెళ్ళేసరికి నీరసించిపోయింది.

ఎల్.ఇ.డి.లో అసలు పుట్టేది నీలమేనట. నీలపు వెలుగునిచ్చే గింజ మీద పసుపు వెలుగునిచ్చే పూత వేస్తారు. రెండూ కలిసి కంటికి తెలుపు. ఆ నీలపు గింజ సాధించడానికే జపానులో పుట్టిన ముగ్గురు - అకసాకి, అమానో, నకమురా - కొన్నేళ్ళపాటు తంటాలు పడ్డారు. 2014లో వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. మన దేశంలో 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలుపెట్టి, చవక ధరకి 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. మా యింట్లోనూ నాలుగు వచ్చాయి. కరెంటు బిల్లు తగ్గిన సంతోషంలో ఎరుపు తగ్గిన సంగతి ఎవరు పట్టించుకుంటారు?

అట్టపెట్టె బల్బుకి ధనుస్సు చాలావరకు నిండుగానే ఉంది. గొయ్యి పూడింది. ఎరుపుకి కాస్త ప్రాణం వచ్చింది. అలాంటి వాటిలో కొన్ని నీలపు గింజకు బదులు ఊదా గింజ పెట్టి, దాని మీద మూడు నాలుగు రంగుల పూతలు వేసి చేస్తారట. "ఇది మరీ బూటకం కాదు" అన్నాడు మిత్రుడు, సి.డి. పక్కన పెట్టి.

మా అమ్మాయి ఇంటరు చదువుతోంది. "ఏడు రంగులు, సూర్యుడికి ఏడు గుర్రాలు! మనవాళ్ళకి అప్పుడే తెలుసన్నమాట నాన్నా" అంది. ఇలాంటివి విన్నప్పుడల్లా నాకు చిరాకు. ఆ గుర్రాలు గాయత్రి, బృహతి, ఉష్ణిక్కు, జగతి, త్రిష్టుప్పు, అనుష్టుప్పు, పంక్తి అనే ఏడు ఛందస్సులని విష్ణుపురాణం చెప్పింది. వెలుగుని ఛందస్సు లాగుతోందన్నవాడు మహాకవి. అతన్ని తీసుకొచ్చి న్యూటను గారి పట్టకం పక్కన గుమాస్తాగా కూర్చోబెట్టడం నాకు నచ్చదు. ఈ మాట అంటే యింట్లో ఎవరూ వినలేదనుకోండి.

తర్వాత అసలు పరీక్ష. ఒక పళ్ళెంలో కుంకుమ, కనకాంబరాలు, కరివేపాకు, వంకాయ, బాగా పండిన టమాటా పెట్టి, పక్కన చీర అంచూ రవికె గుడ్డా పెట్టి, ఒక్కొక్క దీపం కింద చూశాం. మామూలు ఎల్.ఇ.డి. కింద కుంకుమ పాతబడ్డట్టు, కొంచెం గోధుమరంగుగా ఉంది. టమాటా నిన్నటిదిలా ఉంది. పాత బల్బు కింద కుంకుమ భగ్గుమంది, కనకాంబరాలు నవ్వాయి. కానీ నా ముదురు నీలం పంట్లామూ నల్ల పంట్లామూ ఒకటే అయిపోయాయి. అట్టపెట్టె బల్బు కింద కుంకుమ కుంకుమగా, కరివేపాకు కరివేపాకుగా ఉన్నాయి. చీర, రవికె స్పష్టంగా విడాకులు తీసుకున్నాయి. మా ఆవిడ తమ్ముడికేసి గర్వంగా చూసింది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బజారులో తెల్లటి బల్బుల పెట్టెల మీద "డేలైట్" అని, 6,500 కెల్విన్లని రాసి ఉంటుంది. అదే ఫుల్ స్పెక్ట్రమ్ అనుకుని పొరపాటు పడేవాళ్ళు చాలామంది. ఆ అంకె దీపం పసుపుగా ఉంటుందా, తెల్లగా ఉంటుందా, నీలిగా ఉంటుందా అన్నది మాత్రమే చెబుతుంది. పాత బల్బుది 2,700. పసుపే, అయినా దాని ధనుస్సులో లోటు లేదు. ఆరువేల అయిదువందల తెల్లబల్బులో ఎరుపు నీరసంగా ఉండవచ్చును. హార్మోనియం శ్రుతి ఎక్కువా తక్కువా అన్నది వేరు. మెట్లు ఊడిపోయిన హార్మోనియం వేరు.

మెట్లు ఎన్ని ఉన్నాయో చెప్పే అంకె వేరే ఉంది. దాని పేరు సి.ఆర్.ఐ. 1965లో సి.ఐ.ఇ. అనే అంతర్జాతీయ సంఘం పెట్టిన కొలత అది. నూటికి మార్కులు. పాత బల్బుకి దాదాపు వంద, మామూలు ఎల్.ఇ.డి.కి ఎనభై, మంచివాటికి తొంభై, తొంభై అయిదు. అయితే ఈ మార్కులు వేసే విధానం వింటే మాస్టరుగా నాకు నవ్వొచ్చింది. ఎనిమిది లేతరంగుల మీద పరీక్ష పెట్టి సగటు కడతారు. గాఢమైన ఎరుపు తొమ్మిదో నమూనా. అది సగటులోకి రాదు. అంటే కఠినమైన ప్రశ్నకి మార్కులు కలపకుండా ఫస్టు క్లాసు యివ్వడమన్నమాట. కుంకుమ దగ్గర సున్నా తెచ్చుకున్న బల్బు కూడా ఎనభైతో గట్టెక్కవచ్చును. అందుకని నిజాయితీ గల కంపెనీలు ఆ తొమ్మిదోదానికి వచ్చిన మార్కు కూడా "ఆర్ 9" అని విడిగా అచ్చువేస్తాయి. పెట్టె మీద సూర్యుడి బొమ్మ వేసి ఈ అంకెలు వేయని బల్బు కొనకండి.

రంగుల మాట అయింది. మరి ఆ ఫలశ్రుతి మాటో?

ఈ "ఫుల్ స్పెక్ట్రమ్" అన్న మాట 1960 ప్రాంతాల్లో అమెరికాలో జాన్ ఆట్ అనే ఆయన వాడుకలోకి తెచ్చాడు. పూలు విచ్చుకోవడం నిదానంగా ఫోటోలు తీసి ఫిల్ములో తొందరగా చూపించడంలో ఆయన ఘనుడు. మొక్కల మీద దీపాల ప్రభావం చూసి చూసి, మనుషుల ఆరోగ్యానికి కూడా వెలుగులో అన్ని కిరణాలూ ఉండాలని ప్రచారం చేశాడు. దాంతో ట్యూబులైట్లకి సర్వరోగ నివారిణి హోదా వచ్చింది. చివరికి 1986లో అక్కడి ఆహార, ఔషధ శాఖ, ఈ ఆరోగ్య ప్రకటనలు నమ్మవద్దని జనాన్ని హెచ్చరించవలసి వచ్చింది. కెనడా జాతీయ పరిశోధన సంస్థలో జెన్నిఫర్ వీచ్ అనే శాస్త్రజ్ఞురాలు తోటివారితో కలిసి అంతకుముందు దశాబ్దాల్లో జరిగిన ప్రయోగాలన్నీ జల్లెడపట్టి, 2001లో ఒక సమీక్ష ప్రకటించింది. ఈ ట్యూబుల వల్ల చదువు, మనసు, ఆరోగ్యం గొప్పగా బాగుపడతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదని తేలింది. అవి ట్యూబులు, యివి ఎల్.ఇ.డి.లు, నిజమే. కానీ స్తోత్రం మాత్రం అదే.

విటమిన్ డి సంగతి మరీ విడ్డూరం. చర్మంలో అది తయారుకావడానికి కావలసిన కిరణాలు కిటికీ గాజునే దాటలేవు. యిళ్ళలో పెట్టే బల్బులు అసలు వాటినివ్వవు, యివ్వకూడదు కూడా. మనసు కుంగిన కొందరికి వైద్యులు దీపచికిత్స చేస్తారన్నది వాస్తవం. అందులో వాడేది 10,000 లక్సుల వెలుగు, అరగంటసేపు. మా హాల్లో రాత్రి వెలుగు మిత్రుడు కొలిచి చూస్తే నూరు లక్సులు కూడా లేదు. అదే మధ్యాహ్నం వీధిలో, చెట్టునీడన అయినా, వేలల్లో ఉంటుంది. సూర్యుడి గొప్పతనంలో ముప్పాతికవంతు ఆ మోతాదులోనే ఉంది. ఆ మోతాదు పన్నెండు వాట్ల బల్బులో ఎలా వస్తుంది?

పిల్లల కళ్ళ విషయమూ అంతే. చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లల్ని కొన్ని బళ్ళలో రోజూ నలభై నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్ళయ్యాక చూస్తే, ఉంచనివాళ్ళలో నూటికి 39 మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. ఉంచినవాళ్ళలో 30 మందికే. 2015లో ప్రకటించారు. ఆరుబయట ఆటకి ఖర్చు లేదు గనక, దానికెవరూ అట్టపెట్టె మీద బొమ్మ వేయరు.

మా అమ్మాయి మాత్రం ఏకాగ్రత మాట పట్టుకుని రెండో బల్బు తన బల్ల దగ్గర పెట్టించుకుంది. తెల్లటి వెలుగు, పగటిలాగా. పది రోజులు రాత్రి పదకొండు దాకా చదివింది. తర్వాత, "నిద్ర రావడం లేదు నాన్నా" అని హాల్లోకి వచ్చి కూర్చునేది. పరీక్షల భయం కూడా ఉంది. నేరమంతా బల్బు మీద తొయ్యను. కానీ కంటి వెనకపొరలో, చూపుతో సంబంధం లేకుండా, పగలా రాత్రా అని మెదడుకి కబురుపెట్టే కణాలు కొన్ని ఉన్నాయని 2002లో రుజువైంది. నీలపు వెలుగుకి అవి ముందుగా లేస్తాయి. రాత్రి వేళ కంటి ఎదుట పగలు వెలిగిస్తే శరీరం అది పగలేనని నమ్ముతుంది. "మంచి నిద్ర" అని రాసిన పెట్టెలోని బల్బుని తొమ్మిదింటికి ఆర్పేసి, పసుపు బల్బు పెట్టాం. నాలుగు రోజుల్లో అమ్మాయి నిద్ర దారికొచ్చింది. చదువు మామూలే.

ఇంతకీ నేను ఈ బల్బుల గొడవ యింత పట్టించుకోవడానికి కారణం రవికె గుడ్డ కాదు. మా అమ్మ.

అమ్మకి డెబ్భై నాలుగు. రాత్రి భోజనమయ్యాక రెండు మాత్రలు వేసుకోవాలి. రక్తపోటుది తెలుపు, చక్కెరది లేత పసుపు. రెండూ ఒకటే సైజు. చూడ్డానికి హాయిగా ఉంటుందని అంతకుముందు సంక్రాంతికి హాల్లో పసుపు వెలుగు బల్బులు పెట్టాం. పెట్టింది నేనే. పెళ్ళి నుంచి తిరిగివచ్చిన వారం రోజులకి, ఒక రాత్రి రెండు గంటలకి అమ్మ మంచం కిర్రుమన్న చప్పుడుకి మెలకువ వచ్చింది. వెళ్ళి చూస్తే ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. మా ఆవిడ పరుగున పంచదార నీళ్ళు కలిపి తెచ్చి చెంచాతో పట్టింది. అరగంటకి తేరుకుంది. పొద్దున్న మాత్రల అట్టలు లెక్కపెడితే తెలిసింది: రెండూ చక్కెరవే వేసుకుంది. పసుపు వెలుగులో తెలుపూ లేతపసుపూ ఒకటే అయిపోయాయి!

ఆ రోజంతా కాలేజీలో పాఠం చెప్పలేకపోయాను. సాయంత్రం వస్తూనే హాలు బల్బు ఊడబీకి, కొత్త బల్బు అమ్మ కూర్చునే చోటికి పెట్టాను. ఆరువందలు కాదు, ఆరువేలైనా యిచ్చేవాణ్ణి ఆ సాయంత్రం. రెండు మాత్రలూ నా అరచేతిలో పెట్టి చూపించాను. నాకు ఆమడ దూరం నుంచి తేడా తెలుస్తోంది.

"ఏదమ్మా తెల్లది?"

అమ్మ చాలాసేపు చూసింది. "రెండూ పసుపే గదురా అబ్బాయ్" అంది.

మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కంటిలోని కటకం వయసుతో పసుపెక్కి, ఆపైన గోధుమరంగుకి తిరుగుతుందట. అరవై ఏళ్ళ కంటి వెనకపొరకి చేరే వెలుగు, యిరవై ఏళ్ళ కంటికి చేరేదానిలో మూడోవంతే ఉంటుంది. నీలమూ ఊదా మరీ ఆగిపోతాయి. ఫ్రాన్సులో క్లాడ్ మోనే అనే మహాచిత్రకారుడికి ఇదే జబ్బు వచ్చి, రంగులు తప్పుతున్నాయని గోలపెట్టి, 1923లో కుడికంటికి ఆపరేషను చేయించుకున్నాడు. నేను సంపూర్ణ వర్ణపటం కొని గోడకి తగిలిస్తే, దాన్ని అమ్మ కన్ను గుమ్మంలోనే కోత కోస్తోంది!

"ముందు వెలుగు ఎక్కువ చేయండి, దగ్గరికి తీసుకురండి" అన్నాడు మా మిత్రుడు. దీపం దూరం సగం చేస్తే వెలుగు నాలుగింతలవుతుంది. పైకప్పున ఉన్నదాన్ని ఎంత మంచిది చేసినా, పక్కన మూరెడు దూరంలో పెట్టిన బల్లదీపానికి సాటిరాదు. అది కంట్లో గుచ్చకుండా పైన కప్పు ఉండాలి. అలాంటిది ఒకటి కొని, బల్బు అందులోకి మార్చాం. మాత్రలకి వారం రోజుల అరలున్న డబ్బా తెచ్చి, ఆదివారంనాడు నేనే సర్దిపెడుతున్నాను. వైశాఖంలో ఎడమకంటికి ఆపరేషను అయింది.

ఇప్పుడు మా యింట్లో ఆ బల్బులు రెండే రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి అమ్మ బల్లదీపంలో. రెండోది బీరువా అద్దం దగ్గర, చీరలు తీసేచోట, బొట్టు పెట్టుకునేచోట. మూడోది కొనవలసి వస్తే వంటింట్లో కూర తరిగే బల్ల మీద పెడతాను; పుచ్చు వంకాయ, పాచిన కూర రాత్రిపూట పట్టుబడాలంటే అక్కడ ఉండాలి. పసిపిల్లలున్న యింట్లో కూడా ఒకటి ఉంటే తప్పు లేదు. పసుపు దీపం కింద పచ్చకామెర్లు కనబడవు. అయినా బిడ్డ ఒంటి రంగు పొద్దున్న కిటికీ దగ్గర చూడవలసిందే. హాలుకి, పడకగదికి, వరండాకి, స్నానాలగదికి మామూలు బల్బు చాలు. కరెంటు గురించి బెంగపడకండి. రోజుకి అయిదు గంటల చొప్పున తొమ్మిది వాట్ల మామూలు బల్బు ఏడాదికి పదహారు యూనిట్లు కాలుస్తుంది. అంతే వెలుగుకి యిది పన్నెండు వాట్లు తిని యిరవై రెండు యూనిట్లు కాలుస్తుంది. తేడా ఆరు యూనిట్లు. పాత అరవై వాట్లది నూటతొమ్మిది యూనిట్లు తినేదని మరిచిపోకూడదు. బరువల్లా కొనే ధరదే. ఆ ధరకి రంగు మాత్రం వస్తుంది. నిద్ర, చదువు, ఉల్లాసం రావు.

మొన్న ఆదివారం పొద్దున్న మా ఆవిడ బీరువా సర్దుతూ ఆ చీరా రవికె గుడ్డా తీసుకువచ్చి అరుగు మీద అమ్మ ముందు పెట్టింది. "ఇప్పుడు చెప్పండి అత్తయ్యగారూ, ఎంత ఘోరంగా ఉందో" అంది.

అమ్మ ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, కుడికంటితో చూసింది. "ఘోరమేమిటే తల్లీ, అచ్చుగుద్దినట్టు కలిసింది" అంది. తర్వాత ఎందుకో చెయ్యి మార్చి, కుడికన్ను మూసుకుంది. కాసేపు మాట్లాడలేదు. మళ్ళీ ఎడమది మూసింది, కుడిది మూసింది. చిన్నపిల్ల ఆటలాగా అలా నాలుగైదుసార్లు చేసి, చీర అంచు మీద వేళ్ళతో రాస్తూ, "ఇది నేరేడుపండు రంగురా అబ్బాయ్! నాకిన్నాళ్ళూ చెప్పారు కాదేం?" అంది.

కుడికంటికి ఆపరేషను శ్రావణమాసంలో పెట్టుకుందామన్నారు డాక్టరుగారు. రవికె గుడ్డ అంతవరకూ ఎవరికీ యివ్వవద్దని అమ్మ ఆజ్ఞ. రెండో కంటితో కూడా చూడాలట.